అంబులెన్స్‌కు పచ్చదీపం: దారి ఇవ్వడం వెనుక ఉన్న లెక్క

ఆక్లండ్ నగరంలో గ్రేట్ సౌత్ రోడ్డు మీద ఒక శీతకాలపు సాయంత్రం. ఎర్రదీపం దగ్గర మా కారు వరుసలో మొట్టమొదట ఆగి ఉంది. వెనుక సీటులో ఇండియా నుండి వచ్చిన మా అమ్మగారు, ఆమె ప్రక్కన మా అబ్బాయి కూర్చుని ఉన్నారు. ఇంతలో వెనుకనుండి సైరన్ వినిపించింది. అద్దంలో చూస్తే అంబులెన్స్ మా వెనుక ఏడెనిమిది కార్ల దూరంలో ఇరుక్కుపోయి ఉంది.

"నాయనా, కాస్త ప్రక్కకు జరుగు. ఎవరి ప్రాణం మీదికి వచ్చిందో ఏమో!" అన్నది అమ్మ.

జరగడానికి చోటేదీ? ఎడమ ప్రక్క కాలిబాట, కుడి ప్రక్క మరొక కార్ల వరుస, ఎదురుగా ఎర్రదీపం, దాని ముందు రోడ్డు దాటుతున్న జనం. దారి ఇవ్వాలన్న మనసు అందరికీ ఉన్నది, కాని ఆ మనసును ఆచరణలో పెట్టే మార్గం ఎవరికీ లేదు. చివరకు అంబులెన్స్ ఎదురు వాహనాలు వచ్చే వైపుకు మళ్ళి, కూడలి దగ్గర దాదాపు ఆగి, నాలుగు దిక్కులా చూసుకుని, మెల్లగా దాటిపోయింది.

అప్పుడు మా అబ్బాయి అడిగాడు: "నాన్నా, అంబులెన్స్ వస్తోందని ఆ లైటుకు తెలీదా?"

ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు సరియైన సమాధానం చెప్పలేకపోయాను. తరువాత నెమ్మదిగా చదివి తెలుసుకున్న విషయాలను మన సంఘ సభ్యులతో, ముఖ్యంగా పిల్లలతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక్క నిమిషం విలువ

ముందుగా, అంత తొందర ఎందుకో చూద్దాం. గుండె హఠాత్తుగా కొట్టుకోవడం ఆగిపోయిన మనిషికి, ఛాతీని నొక్కే ప్రథమ చికిత్స గాని, గుండెను తిరిగి నడిపించే విద్యుదాఘాతం గాని అందని ప్రతి నిమిషానికీ బ్రతికే అవకాశం సుమారు 7 నుండి 10 శాతం చొప్పున తగ్గిపోతుందని వైద్యులు చెబుతారు. పక్షవాతం వచ్చిన మెదడుకు, రక్తస్రావం ఆగని గాయానికి, నిప్పంటుకున్న ఇంటికి కూడా కాలమే ప్రధానం.

ఇక ఒక కూడలి దగ్గర ఎంత కాలం పోతుందో లెక్క వేద్దాం. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఆ వేగంతో వచ్చే బరువైన వాహనం పూర్తిగా ఆగడానికి సుమారు 7 సెకన్లు, మళ్ళీ అదే వేగం అందుకోవడానికి సుమారు 12 సెకన్లు పడుతుందనుకుందాం. ఈ 19 సెకన్లలో అది దాటేది 130 మీటర్లు మాత్రమే. ఆగకుండా వెళ్ళి ఉంటే ఆ దూరానికి 9 సెకన్లు చాలు. అనగా ఒక్కొక్క ఎర్రదీపం వల్ల, ఆగి నిలిచిన కాలం లెక్క వేయకుండానే, సుమారు 10 సెకన్లు నష్టం. దారిలో ఇటువంటివి ఆరు తగిలితే ఒక నిమిషం పోయినట్లే. పైగా కదులుతున్న అంబులెన్స్‌లో రోగి ప్రక్కన నిలబడి పనిచేసే పారామెడిక్‌కు ప్రతి బ్రేకూ ఒక ఆటంకమే.

ఎర్రదీపం దగ్గర చట్టం

న్యూజిలాండ్‌లో 111 నంబరు తిప్పితే పోలీసు, అగ్నిమాపక, అంబులెన్స్ సేవలు మూడూ అందుతాయి. ఈ నంబరు 1958లో మొదట మాస్టర్‌టన్, కార్టర్‌టన్ పట్టణాలలో ప్రారంభమైంది. దీని వెనుక ఒక చిన్న విశేషం ఉన్నది. ఇంగ్లండులో 1937 నుండి 999 వాడుకలో ఉండేది. పాతకాలపు తిప్పే టెలిఫోన్లలో 9 తిప్పితే తీగ మీద తొమ్మిది స్పందనలు వెళ్ళేవి. న్యూజిలాండ్ టెలిఫోన్లలో అంకెల వరుస దానికి తలక్రిందులుగా ఉండడం చేత, ఇక్కడ 1 తిప్పితే తొమ్మిది స్పందనలు వెళ్ళేవి. కనుక ఎక్స్ఛేంజిలోని యంత్రానికి అక్కడి 999, ఇక్కడి 111 ఒక్కటే. యంత్రానికి మన భాష తెలియదు. దానికి తెలిసే సంకేతాన్ని మనమే పంపాలి. ఈ సూత్రం ట్రాఫిక్ దీపాల విషయంలోనూ మళ్ళీ ఎదురవుతుంది.

వెల్లింగ్టన్, వైరరాపా ప్రాంతాలలో 1927లో స్థాపించిన వెల్లింగ్టన్ ఫ్రీ అంబులెన్స్, మిగిలిన దేశమంతటా హాటో హోనే సెయింట్ జాన్ సంస్థ అంబులెన్స్‌లు నడుపుతున్నాయి. అగ్నిమాపక సేవలన్నీ 2017 జూలై 1 నుండి ఫైర్ అండ్ ఎమర్జెన్సీ న్యూజిలాండ్ అనే ఒకే సంస్థ క్రిందికి వచ్చాయి.

2004 నాటి రోడ్డు వినియోగదారుల నియమావళి ప్రకారం, ఎరుపు లేదా నీలం దీపం వెలిగిస్తూనో సైరన్ మ్రోగిస్తూనో వచ్చే వాహనానికి మనం దారి ఇవ్వాలి, అవసరమైతే ఆగాలి. ఎర్రదీపాన్ని దాటే వెసులుబాటు అత్యవసర వాహన చోదకునికి ఉన్నది, కాని అది నిరంకుశాధికారం కాదు. దీపమో సైరనో పనిచేస్తూ ఉండాలి, వేగం గంటకు 30 కిలోమీటర్లు మించరాదు, ఎవరికీ ఢీకొనకుండా తగిన జాగ్రత్త తీసుకోవాలి. ఈ మినహాయింపు ఆ చోదకునిదే. అతనికి దారి ఇవ్వాలన్న తొందరలో మనం ఎర్రదీపాన్ని దాటడానికి అది అనుమతిపత్రం కాదు.

ఈ నియమం ఎంతో వివేకవంతమైనది. ఎందుకంటే అడ్డరోడ్డు మీద వచ్చే వానికి పచ్చదీపం కనిపిస్తూ ఉంటుంది. అతడు నమ్మకంతో వస్తాడు. ప్రాణం కాపాడడానికి వెళ్ళే వాహనమే మరొక ప్రాణానికి ముప్పు కారాదు కదా! అయితే పై లెక్కలోని 10 సెకన్ల నష్టానికి మూలం కూడా ఈ జాగ్రత్తే. భద్రత వదలకుండా కాలాన్ని ఆదా చేయాలంటే ఒకటే మార్గం: వాహనం కూడలికి చేరేసరికి దాని ఎదుట ఎర్రదీపమే లేకుండా చేయడం.

సైరన్ ఒక్కటే ఎందుకు చాలదు?

శబ్దం బహిరంగ ప్రదేశంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్లు తగ్గుతుంది. నగరంలో భవనాలు అడ్డు వస్తాయి. కారు అద్దాలు మూసి ఉంటాయి. లోపల పాటలు మ్రోగుతూ ఉంటాయి. ఇవన్నీ దాటి వచ్చిన శబ్దం చెవిన పడ్డా, అది ఏ దిక్కునుండి వస్తున్నదో తెలియడం మరొక చిక్కు. మన రెండు చెవులకూ శబ్దం చేరడంలో ఉండే అతి స్వల్పమైన తేడా ఆధారంగా మెదడు దిక్కును గుర్తిస్తుంది. ఆ తేడా ఎంత ఎక్కువైనా ఒక సెకనులో వెయ్యోవంతు కన్న తక్కువే. గోడల మీద పడి తిరిగివచ్చిన ప్రతిధ్వనులు కలిస్తే ఆ లెక్క తప్పుతుంది. అందుకే సైరన్ విన్న డ్రైవర్లు ముందుగా కంగారుపడి నలుదిక్కులా చూడడం మనకందరికీ అనుభవమే.

వంద మీటర్ల దూరంలో సైరన్ విన్నామనుకుందాం. 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం ఆ వంద మీటర్లూ దాటడానికి 7 సెకన్లు చాలు. ఎర్రదీపం దగ్గర ఇరుక్కున్న కార్ల వరుస ఆ 7 సెకన్లలో ఏం చేయగలదు? ఆనాడు మేము చేసినట్లే, నిస్సహాయంగా చూడగలదు.

సిగ్నల్‌కు కళ్ళు ఎక్కడున్నాయి?

ఆక్లండ్, హామిల్టన్, వెల్లింగ్టన్, క్రైస్ట్‌చర్చ్ వంటి నగరాలలో ట్రాఫిక్ దీపాలను స్కాట్స్ అనే వ్యవస్థ నడుపుతుంది. ఇది 1970ల దశకంలో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరం కోసం తయారై, తరువాత ఎన్నో దేశాలకు ప్రాకింది. దీపాలు గడియారం ప్రకారం గుడ్డిగా మారకుండా, వాహనాల రద్దీని బట్టి తమ కాలాన్ని సవరించుకోవడమే దీని ప్రత్యేకత.

రద్దీ ఎలా తెలుస్తుంది? కూడలి ముందు తెల్లగీత దగ్గర తారు మీద దీర్ఘచతురస్రాకారంలో కోసిన సన్నని గాట్లు మీరు గమనించే ఉంటారు. వాటి లోపల తీగచుట్టలు పాతిపెట్టి ఉంటాయి. ఆ తీగలో ఏకాంతర విద్యుత్తు ప్రవహిస్తూ ఉంటుంది. లోహపు శరీరం గల కారు దాని మీదికి రాగానే, ఆ లోహంలో చిన్న చిన్న సుడి ప్రవాహాలు పుట్టి, తీగచుట్ట ప్రేరకత్వాన్ని తగ్గిస్తాయి. ఆ మార్పును పట్టుకుని యంత్రం "ఇక్కడ వాహనం ఉన్నది" అని గ్రహిస్తుంది. ఎంతమంది వస్తున్నారు, ఇచ్చిన పచ్చకాలం ఎంతవరకు వినియోగపడింది అన్నది లెక్క కట్టి, తరువాతి వంతులో ఎవరికి ఎంత కాలం ఇవ్వాలో నిర్ణయిస్తుంది. ఒక కూడలికీ మరొక కూడలికీ మధ్య తగిన ఎడం ఉంచి, వరుసగా పచ్చదీపాలు తగిలేటట్లు కూడా చూస్తుంది.

ఇంత తెలివైన వ్యవస్థకు రెండు లోపాలున్నాయి. మొదటిది, తీగచుట్టకు లోహం తెలుసు గాని లోపలి మనిషి తెలియదు. కూరగాయలు తెచ్చుకునే కారూ, ప్రాణం మోసుకుపోయే అంబులెన్సూ దానికి సమానమే. రెండవది, తెల్లగీత దగ్గరకు వచ్చాకనే అది చూడగలదు. అప్పటికి ఆలస్యమైపోతుంది.

పచ్చదీపం వెంటనే ఎందుకు రాదు?

"తెలిసిన వెంటనే మీట నొక్కితే పచ్చదీపం రాదా?" అని పిల్లలు అడుగుతారు. రాదు; రాకూడదు కూడా. ఎందుకో దశలవారీగా చూద్దాం.

అంబులెన్స్ దారికి అడ్డంగా పాదచారులు అప్పుడే రోడ్డు దాటడం మొదలుపెట్టారనుకుందాం. రోడ్డు వెడల్పు 18 మీటర్లు. సిగ్నల్ లెక్కలలో నడక వేగాన్ని సాధారణంగా సెకనుకు 1.2 మీటర్లుగా తీసుకుంటారు. కనుక దాటడానికి 15 సెకన్లు. పచ్చమనిషి బొమ్మ వెలిగే కాలాన్ని కుదించవచ్చు. కాని ఎర్రమనిషి బొమ్మ మెరుస్తూ ఉండే కాలాన్ని కుదించకూడదు. ఎందుకంటే అది అప్పటికే రోడ్డు మధ్యలో ఉన్న ముసలివారికీ, పసిపిల్లల తల్లులకూ ఇచ్చిన మాట. ఆ తరువాత అడ్డరోడ్డు వాహనాలకు పసుపుదీపం సుమారు 4 సెకన్లు. అన్ని వైపులా ఎర్రదీపం ఉండి కూడలి ఖాళీ అయ్యే కాలం సుమారు 2 సెకన్లు. మొత్తం 21 సెకన్లు గడిచాక పచ్చదీపం వెలుగుతుంది.

అంతటితో పని అయిపోలేదు. అంబులెన్స్ ముందు 8 కార్లు ఆగి ఉన్నాయి. మొదటి కారు కదలడానికి 2 సెకన్లు, ఆ తరువాత ఒక్కొక్క కారు గీత దాటడానికి సుమారు 2 సెకన్ల చొప్పున 16 సెకన్లు. కలిపి 18. అంటే మొత్తం 39 సెకన్లు! ఈ 39 సెకన్లలో 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం 540 మీటర్లు ప్రయాణం చేస్తుంది.

కాబట్టి అంబులెన్స్ ఆగకుండా వెళ్ళాలంటే, అది అర కిలోమీటరు దూరంలో ఉండగానే, తరచుగా ఇంకా వెనుకటి కూడలి కూడా దాటకముందే, ఈ దీపానికి కబురు అందాలి. అత్యవసర వాహనానికి మనం ఇవ్వవలసినది చోటు మాత్రమే కాదు, కాలం కూడా. సైరన్ చోటును అడుగుతుంది. అది కాలాన్ని ముందుగా అడగలేదు. ఆ పని మరొక సాధనం చేయాలి.

కబురు పంపే మార్గాలు

ఈ ఆలోచన క్రొత్తది కాదు. 1914 ఆగస్టు 5న అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో విద్యుత్తుతో పనిచేసే ట్రాఫిక్ దీపాలు ఏర్పాటు చేసినప్పుడే, వాటి రూపకర్త జేమ్స్ హోగ్ పద్ధతిలో అవసరమైతే పోలీసు, అగ్నిమాపక సిబ్బంది దీపాలను తమ అదుపులోకి తీసుకునే వీలు ఉండేది. అనగా ఈ ప్రాధాన్యం విద్యుద్దీపమంత పాతది.

అన్నిటికంటె సులభమైన మార్గం, అగ్నిమాపక కేంద్రంలోనే ఒక మీట ఉంచడం. వాహనం బయలుదేరే ముందు మీట నొక్కితే ఎదుటి రోడ్డు మీద రాకపోకలు ఆగుతాయి. న్యూజిలాండ్‌లో కొన్ని అగ్నిమాపక కేంద్రాల ముందు మార్చి మార్చి మెరిసే ఎర్రదీపాలు ఇటువంటివే. అవి మెరుస్తున్నంతసేపు ఆగి తీరాలి. అయితే ఈ మీట కేంద్రం ముంగిటి వరకే సాయపడుతుంది.

రెండవ మార్గం వెలుగుతో కబురు పంపడం. 1960ల దశకంలో అమెరికాలోని త్రీఎమ్ సంస్థ ఆప్టికామ్ అనే పద్ధతిని రూపొందించింది. వాహనం పైకప్పు మీద వేగంగా మెరిసే దీపం ఉంటుంది. సిగ్నల్ స్తంభం మీద దానిని పసిగట్టే కన్ను ఉంటుంది. సెకనుకు సుమారు 14 సార్లు మెరిస్తే అత్యవసర వాహనమనీ, సుమారు 10 సార్లు మెరిస్తే బస్సు వంటి తక్కువ ప్రాధాన్యం గల వాహనమనీ ఆ కన్ను గుర్తిస్తుంది. 111 స్పందనల కథ ఇక్కడ గుర్తుకు వస్తుంది: యంత్రానికి అర్థమయ్యే అంకెలలో మాట్లాడడమే ఇది కూడా. కాని వెలుగు ఋజుమార్గంలోనే పోతుంది. రోడ్డు మలుపు తిరిగినా, చెట్టు కొమ్మో పెద్ద లారీయో అడ్డు వచ్చినా కబురు అందదు.

మూడవ మార్గం ఉపగ్రహాల సాయంతో వాహనం తన స్థానం, వేగం, దిశ తెలుసుకుని, రేడియో ద్వారా పంపడం. మలుపులూ లారీలూ దీనికి అంతగా అడ్డు కావు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం ఈ దారిలో ఒక అడుగు ముందుకు వేసి, 2010ల దశకంలో అత్యవసర వాహన ప్రాధాన్య వ్యవస్థను విస్తరించింది. అక్కడ వాహనం తన స్థానాన్ని కేంద్ర కంప్యూటర్‌కు తెలియజేస్తూ ఉంటుంది. ఫలానా కూడలికి అది ఎన్ని సెకన్లలో చేరుతుందో కంప్యూటర్ అంచనా వేసి, పాదచారులను సురక్షితంగా దాటించి, ముందున్న కార్ల వరుసను కదిలించి, సరిగా ఆ వేళకు పచ్చదీపం సిద్ధం చేస్తుంది. ప్రతి స్తంభం మీదా ప్రత్యేకమైన కన్ను అమర్చనవసరం లేదు. దీపాలన్నీ ముందే కేంద్ర కంప్యూటర్లతో కలిపి ఉన్న న్యూజిలాండ్ వంటి దేశానికి ఈ మార్గం ఎంతో అనువైనదని గ్రహించడం కష్టం కాదు. ఈ దేశంలో బస్సులకు ముందుగా దారి ఇచ్చే తెల్లని "బి" అక్షరపు దీపాన్ని మనం చూస్తూనే ఉన్నాం. ఒక తరగతి వాహనానికి ముందువంతు ఇవ్వడమన్న భావన ఇక్కడి రోడ్లకు క్రొత్త కాదన్నమాట.

వరమే, కాని జాగ్రత్త కావాలి

ఏ అధికారమైనా దుర్వినియోగం కావచ్చు. వెలుగుతో పనిచేసే పద్ధతి అమెరికాలో వ్యాపించాక, అటువంటి మెరుపుదీపాలను సామాన్యులు కొనుక్కుని, తమ కార్లకు పచ్చదీపం తెప్పించుకోసాగారు. 2005లో అక్కడి ప్రభుత్వం అనధికారంగా వాటిని వాడడం నేరమని చట్టం చేయవలసి వచ్చింది. నేటి పద్ధతులలో ప్రతి వాహనానికీ రహస్య గుర్తింపు సంఖ్య ఉంటుంది. అది సరిపోలితేనే దీపం మాట వింటుంది.

రెండవ సమస్య ఇంకా సున్నితమైనది. ఒకే ప్రమాదస్థలానికి ఫైరింజను తూర్పునుండి, అంబులెన్స్ ఉత్తరంనుండి వస్తున్నాయనుకోండి. ఇద్దరికీ ఒకేసారి పచ్చదీపం ఇవ్వడం సాధ్యం కాదు. సాధారణంగా ముందు కబురు పంపినవారికే దారి దొరుకుతుంది. రోజూ పచ్చదీపానికి అలవాటుపడిన రెండవ చోదకుడు ఈరోజూ వస్తుందని ధీమాగా దూసుకువస్తే ఘోరప్రమాదమే. అందువల్ల, దీపం సాయపడినా సాయపడకపోయినా, కూడలి దగ్గర చూసి నడవవలసిన బాధ్యత చోదకునిదే.

మూడవది, ఒకరికి ఇచ్చిన కాలం మరొకరి నుండి తీసుకున్నదే. అంబులెన్స్ దాటిపోయాక దీపాల వరుస తిరిగి కుదురుకోవడానికి కొన్ని వంతులు పడుతుంది. "ఈ లైటు ఇంతసేపు ఎందుకు మారలేదు?" అని మనం విసుక్కునే సందర్భాలలో కొన్నిటికి ఇదే కారణం కావచ్చు. ఆ ఆలస్యాన్ని సంతోషంగా భరించడం మనం చెల్లించే చిన్న పన్ను.

హైదరాబాదు నేర్పిన పాఠం

మన ఊరి సంగతి చూస్తే, 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన 108 అంబులెన్స్ సేవ ఇతర రాష్ట్రాలకూ వ్యాపించింది. కిక్కిరిసిన రోడ్ల మీద దానికి దారి దొరకడం ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు. అయినా అవయవ మార్పిడి సందర్భాలలో అక్కడి ట్రాఫిక్ పోలీసులు ఒక అద్భుతం చేసి చూపిస్తున్నారు. దాత గుండెను బయటికి తీసిన తరువాత సుమారు నాలుగు గంటలలోపు గ్రహీతకు అమర్చాలి. ఆ ప్రయాణం సంగతి ముందే తెలిసి ఉంటుంది కనుక, దారిపొడుగునా కూడలికొక పోలీసు నిలబడి, వాహనం రాకముందే మిగిలిన దారులను ఆపి, కార్ల వరుసలను ఖాళీ చేయిస్తారు. దీనినే గ్రీన్ కారిడార్ అంటారు. క్వీన్స్‌లాండ్‌లో కంప్యూటర్ చేసే పనినే ఇక్కడ మనుషులు చేతులతో చేస్తున్నారు. రెండింటి విజయరహస్యమూ ఒకటే: ముందుగా అందిన కబురు.

2021 ఫిబ్రవరి 2న ఇంకొక ఉపాయం చేశారు. ఎల్.బి. నగర్ ఆసుపత్రి నుండి జూబ్లీహిల్స్ ఆసుపత్రికి వెళ్ళవలసిన గుండెను నాగోలు నుండి జూబ్లీహిల్స్ వరకు 21 కిలోమీటర్లు మెట్రో రైలులో, మధ్యలో ఎక్కడా ఆపకుండా, అరగంటలోపు చేర్చారు. 2025 జనవరి 17న ఎల్.బి. నగర్ నుండి లక్డీకాపూల్ వరకు 13 కిలోమీటర్లను 13 నిమిషాలలో దాటించారు. గమనించండి: ఆ గుండె ప్రయాణం చేసినది కూడళ్ళే లేని దారిలో. కూడలిలో పోయే కాలం ఎంత విలువైనదో చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

కాని ప్రతి అంబులెన్స్‌కూ ఊరంతా పోలీసులను నిలబెట్టలేము. గుండెపోటు ముందుగా చెప్పి రాదు. ఆ రోజువారీ ప్రయాణాలకే యంత్రం సాయం కావాలి.

మనం చేయవలసినది

యంత్రాలు ఎంత ఎదిగినా, ప్రతి కూడలిలోనూ దీపం తనంతట తానే మారుతుందని అనుకొని వాహనం నడపరాదు. చివరి వంద మీటర్లూ మన చేతిలోనే ఉంటాయి. కొన్ని సంగతులు గుర్తుంచుకుందాం.

ఎర్రదీపం దగ్గర ఆగేటప్పుడు ముందు కారు వెనుక చక్రాలు రోడ్డును తాకే చోటు మనకు కనిపించేంత ఎడం ఉంచాలి. ఆ కొద్ది చోటే అవసరమైనప్పుడు ఎడమకు తిప్పి జరగడానికి పనికివస్తుంది.

సైరన్ వినగానే హఠాత్తుగా బ్రేకు వేయకూడదు. అద్దాలలో చూసి, ఎడమవైపు సూచిక వేసి, సురక్షితంగా ఎడమకు జరిగి ఆగాలి. పాటలు ఆపి, అద్దం కొంచెం దించితే దిక్కు తెలుస్తుంది.

పచ్చదీపం మనదే అయినా, సైరన్ వినిపిస్తుంటే కూడలిలోకి దూకకూడదు. కాలినడకన ఉన్నవారు పచ్చమనిషి బొమ్మ కనిపించినా అడుగు వేయకుండా నిలబడాలి. ఒక వాహనం వెళ్ళాక రెండవది వస్తున్నదేమో చూసుకోవాలి. దాని వెంటబడి మనమూ త్వరగా వెళ్ళిపోదామన్న ఆశ అపాయకరం.

ఇంట్లో ఉండే పెద్దలకు, ముఖ్యంగా మన దేశం నుండి చుట్టపుచూపుగా వచ్చిన తల్లిదండ్రులకు, 111 అన్న నంబరు, ఇంటి చిరునామా పెద్ద అక్షరాలతో వ్రాసి టెలిఫోను దగ్గర ఉంచాలి. 108కి అలవాటుపడిన చేయి కంగారులో దానినే నొక్కుతుంది. పిల్లల చేత "అంబులెన్స్" అనే మాట, ఇంటి నంబరు, వీధి పేరు, దగ్గరి కూడలి పేరు స్పష్టంగా చెప్పడం సాధన చేయించాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఛాతీని ఎలా నొక్కాలో ఫోనులోని వారే చెబుతారు. ఆ మాట విని ఆచరించడానికి కుటుంబంలో కనీసం ఒకరైనా ముందే శిక్షణ పొంది ఉంటే మంచిది. దారిలోని దీపాలన్నీ పచ్చగా వెలిగినా, మొదటి నిమిషాలు మాత్రం ఇంట్లో ఉన్నవారివే.

ఇప్పుడు మా అబ్బాయి ప్రశ్నకు సమాధానం చెప్పగలను. "ఆ లైటుకు తనంతట తానుగా తెలియదు నాన్నా. దానికి చాలా ముందుగా ఎవరో చెప్పాలి. చెప్పే యంత్రాలు మనుషులు తయారు చేశారు; ఇంకా బాగా తయారు చేయవలసిన పని నీలాంటివాళ్ళది. అంతవరకూ ఎడం ఉంచి ఆగడం, ఎడమకు జరగడం మన పని."

మా అమ్మగారు ఆనాడు అంబులెన్స్ కూడలి దాటి కనుమరుగయ్యేదాకా రెండు చేతులూ జోడించి కూర్చున్నారు. లోపల ఎవరున్నారో మాకు తెలియదు. ఇప్పుడు ఎర్రదీపం దగ్గర ఆగిన ప్రతిసారీ ముందు కారు చక్రాలు కనిపిస్తున్నాయో లేదో చూసుకుంటున్నాను.